ఎదుటి తలుపు

పోయిన సోమవారం పొద్దున బెంగళూరు విమానంలో నాకు మొదటి వరుసలో సీటు దొరికింది. కాళ్ళు చాపుకోవచ్చని సంబరపడ్డాను. ఎదురుగా, తలుపు పక్కన మడత సీటులో ఒక ఎయిర్‌హోస్టెస్ పిల్ల మా వైపు తిరిగి కూర్చుని ఉంది. విమానం పరుగు మొదలుపెట్టగానే ఆ పిల్ల రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుంది. వీపు ఆనించి, చూపు ఎక్కడో నిలిపి, పెదవులు కదలకుండా మనసులో ఏదో అనుకుంటూ ఉండిపోయింది. నా పక్క సీటాయన కాస్త వంగి, "పాపం, భయపడుతున్నట్టుంది, కొత్తేమో" అన్నాడు. "భయం కాదండీ, అది వాళ్ళ పని" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేనూ విడమరచి చెప్పలేదు, అప్పటికే నాకు అక్క గుర్తొచ్చేసింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. ఊరు ఒకటి కాదు, యాస ఒకటి కాదు. ఆమెది కాకినాడ వైపు, మాది శంషాబాద్ పక్కన సాతంరాయి. పేరు తెలుసు గానీ ఇక్కడ రాయను, రాస్తే ఊరుకోదు. విమానాల్లో పనిచేసినన్నాళ్ళూ పేరున్న బిళ్ళ ఒకటి గుండెల మీద పెట్టుకుని తిరిగిందట. ఎక్కినవాడల్లా దాన్ని చదివి, పుట్టినప్పటి నుంచీ ఎరిగినట్టు పేరు పెట్టి పిలిచేవాడట. "ఆ బిళ్ళ తీసేసిన రోజే అనుకున్నానమ్మా, ఇక నా పేరు నేను చెప్పినవాళ్ళకే తెలియాలని" అనేది. నాకు చెప్పింది. చెప్పి, "నువ్వు మాత్రం అక్కా అను, చాలు" అంది.

నేనప్పుడు ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తున్నాను. మామిడిపళ్ళు, మందుల పెట్టెలు, వాడిపోకుండా పంపాల్సిన పూలు ఏ విమానంలో ఎక్కాలో చూసుకునే ఆఫీసు. ఎంబీఏ చదివి అక్కడ కూర్చున్నందుకు నా మీద నాకే మంట. వేరే వ్యాపారాలకు సలహాలు చెప్పే కన్సల్టింగ్ కంపెనీలో చేరాలని నా కోరిక. ఆ కంపెనీలు ఉద్యోగం ఇచ్చే ముందు కేస్ ఇంటర్వ్యూ అని ఒకటి పెడతాయి. ఎదురుగా కూర్చున్నాయన ఏదో ఒక వ్యాపారం కష్టం చెప్తాడు. హోటలు నష్టంలో నడుస్తోంది అనో, కొత్త ఊళ్ళో దుకాణం తెరవచ్చా అనో. అరగంటలో మనం ప్రశ్నలు అడిగి, లెక్కలు వేసి, పైకి మాట్లాడుతూనే ఆలోచించి, ఒక దారి చూపించాలి. జవాబు ఒక్కటే కాదు, ఆ జవాబు దగ్గరికి ఎలా నడిచామో కూడా చూస్తారు. అది పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఎదుట ఒక మనిషి కూర్చోవాలి, అడగాలి, ఆపాలి, తప్పు పట్టాలి. నాకు అలాంటి మనిషి ఎవరూ లేక బస్సు కిటికీకి చెప్పుకునేదాన్ని.

ఒకరోజు ఎయిర్‌పోర్టు బస్సులో అలాగే గొణుక్కుంటున్నాను. కాఫీ హోటళ్ళ కంపెనీకి లాభం తగ్గింది, కాబట్టి ముందు ధరలు చూడాలి, అని. పక్క సీట్లో ఒకావిడ, నడుము వెనక హ్యాండ్‌బ్యాగు ఆనించుకుని నిటారుగా కూర్చుని ఉంది. తల తిప్పకుండానే, "ఎప్పటినుంచి తగ్గిందో అడగలేదు మీరు" అంది.

"నాతోనా అంటున్నరు?"

"కిటికీతో కాదుగా."

అని సంచిలోంచి న్యూస్‌పేపర్ అట్ట వేసిన పుస్తకం ఒకటి తీసి చూపించింది. నా ఒళ్ళో ఉన్నదీ ఆమె చేతిలో ఉన్నదీ ఒకటే కేసుల పుస్తకం, నాది జిరాక్సు. శంషాబాద్ బస్టాండు వచ్చేలోగా ఆమె నన్ను కాఫీ హోటళ్ళ గురించి అడగాల్సినవన్నీ అడిగేసింది. దిగేటప్పటికి నాకు చెమటలు పట్టాయి, ఇద్దరం ఫోన్ నంబర్లు మార్చుకున్నాం.

ఆమెకు అప్పుడు ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో. జుట్టు ఒక్క వెంట్రుక లేవకుండా ముడి. ఏది చూపించాలన్నా రెండు వేళ్ళు కలిపి చూపించేది, టీ కొట్టయినా, రోడ్డు మీద కుక్కయినా. ఒక వేలు చూపిస్తే ఎదుటివాళ్ళను నిలదీసినట్టు ఉంటుందని ట్రైనింగులో మాన్పించారట. చిన్నపిల్లలతోనో ముసలివాళ్ళతోనో మాట్లాడాల్సొస్తే నడుము వంచేది కాదు, మోకాళ్ళు మడిచి కిందికి దిగి వాళ్ళ కళ్ళకు తన కళ్ళు సమానంగా తెచ్చుకునేది. తలుపు వేస్తే అరచేత్తో మళ్ళీ ఒకసారి నొక్కి చూడాల్సిందే. క్యాబ్ తలుపు, మా ఇంటి బీరువా తలుపు, నా టిఫిన్ డబ్బా మూత, ఏదీ వదిలేది కాదు.

నడుము సంగతి ఆమె నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. ఒకసారి గాలి కుదుపుల్లో విమానం ఉన్నట్టుండి కిందికి జారితే, ఎగిరి భోజనాల బండి అంచు మీద పడింది. నడవొచ్చు, కూర్చోవచ్చు, ప్రయాణం చేయొచ్చు, కానీ బండి తొయ్యడానికీ ఆపదలో విమానం తలుపు లాగి తెరవడానికీ ఇక పనికిరాదని డాక్టర్లు తేల్చారు. ఎయిర్‌లైన్ వాళ్ళు మర్యాదగానే కింద కౌంటర్లో బ్యాగులు తూచే ఉద్యోగం ఇస్తామన్నారు. చేరతారో లేదో చెప్పమని గడువు పెట్టారు.

"అందులో తప్పేం లేదమ్మా, వేరేవాళ్ళకి. నాకే, రోజూ మాతో పనిచేసిన పిల్లలు సూట్‌కేసులు లాక్కుంటూ పైకెళ్తుంటే కింద కూర్చుని చూడాలంటే ప్రాణం ఒప్పుకోవట్లేదు" అంది.

ఎయిర్‌లైన్లో పనిచేసినవాళ్ళు కావాలని ఒక కన్సల్టింగ్ కంపెనీ వెతుకుతోందట. ఉద్యోగంలో ఉండగానే సెలవుల్లో ఎంబీఏ చేసింది కాబట్టి ఈమెను పిలిచారు. కేస్ ఇంటర్వ్యూ ఒకటి. కౌంటర్ ఉద్యోగానికి పెట్టిన గడువుకు కొద్ది రోజుల ముందు. "ఈ వయసులో వాళ్ళు ఇంకోసారి పిలవరు" అంది, టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ. ఏడ్చినట్టుగా చెప్పలేదు. అందుకే నాకు ఇంకా దిగులేసింది.

ప్రాక్టీసుకు చోటు ఆమే ఎంచింది. ఎయిర్‌పోర్టులో, వచ్చేవాళ్ళ కోసం జనం కాచుకుని ఉండే అరైవల్స్ బయట. సాయంత్రం నా డ్యూటీ అయ్యాక అక్కడ ఒక బెంచీ మాది. గల్ఫ్ నుంచి వచ్చే మనిషి కోసం జగిత్యాల, కామారెడ్డి నుంచి బండి కట్టించుకుని వచ్చిన కుటుంబాలు, మక్కా వెళ్ళి ఉమ్రా చేసి వచ్చే పెద్దల కోసం పూలదండలతో పాతబస్తీ వాళ్ళు, పేర్ల బోర్డులు పట్టుకున్న డ్రైవర్లు. ఎవరో ఒకరు బయటికి రాగానే కేకలు, ఏడుపులు, ఫోటోలు.

"ఇదేందక్కా, ఈ లొల్లిల దిమాగ్ పనిచేస్తదా? లైబ్రరీల కూసుందాం పా" అన్నాను మొదటి రోజు.

"లైబ్రరీలో అందరికీ పనిచేస్తుంది" అంది.

ప్రశ్న వినపడగానే గబగబా మాట్లాడెయ్యడం నా జబ్బు. దానికి ఆమె నా చేతులు రెండూ తొడల కింద పెట్టించింది. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ వాళ్ళు అలా కూర్చుని మనసులో అనుకుంటారట. ఇప్పుడు మంటలొస్తే ఏ తలుపు తెరవాలి, బయట ఏముంది, దగ్గర్లో కూర్చున్నవాళ్ళలో చేయి అందివ్వాల్సిన ముసలివాళ్ళు ఎవరు, అని. "రోజూ ఏమీ జరగదు. అయినా రోజూ అనుకోవాలి. నువ్వూ అంతే. ప్రశ్న విన్నాక ముందు అనుకో, తర్వాత నోరు తెరు" అంది. నేను చేతుల మీద కూర్చుని నోరు మూసుకుంటే, ఒక క్యాబ్ డ్రైవరు చూసి, "ఏమైంది మేడం, మీ అక్క కోపం చేస్తున్నదా?" అని అడిగాడు.

రెండో జబ్బు తల ఊపడం. మా ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఆఁ ఆఁ అని తల ఊపాలి. అర్థమైందని కాదు, వింటున్నామని. ఎదురు ప్రశ్న వేస్తే ఎదురు మాట్లాడినట్టు లెక్క. ఇంటర్వ్యూలో అది కొంప ముంచుతుంది, ఎందుకంటే అడగకపోతే వాళ్ళు సగం సంగతులు చెప్పరు. అక్క ఎన్నిసార్లు చెప్పినా నా మెడ నా మాట వినలేదు. ఒక సాయంత్రం ఆమె కేసు చెప్తోంది. ఎగుమతి కంపెనీ, మూడు రకాల సరుకు, ఖర్చులు ఇంత, అమ్మకాలు ఇంత. నేను తల ఊపుతూ రాసుకుంటున్నాను. ఆమె అదే గొంతుతో, "నెలకు నలభై ఏనుగుల్ని దుబాయ్ పంపిస్తారు" అంది. ఆఁ అని రాసుకున్నాను.

"ఏం రాశావ్, చదువు."

"నలభై ఏనుగులు" అని చదివాక గానీ నాకు బల్బు వెలగలేదు.

"కార్గోలో పనిచేస్తావు కదమ్మా. ఏనుగు ఏ తలుపులోంచి ఎక్కుతుంది?" అంది. నవ్వలేదు కూడా. నాకు మాత్రం నవ్వు ఆగలేదు, సిగ్గూ ఆగలేదు. మర్నాడు ఆమె కేసు మొదలుపెట్టిన రెండో వాక్యానికే ఆపి, "అక్కా, అర్థం కాలే, మళ్ళ చెప్పు" అన్నాను. ఆమె పుస్తకం మూసి లేచి వెళ్ళి నాకు సమోసా కొనుక్కొచ్చింది.

ఆమె నా తప్పులు అలా పట్టుకునేది, ముఖం చిట్లించకుండా, ఒక్కటీ వదలకుండా. మరి నేనిచ్చిన కేసుకు ఆమె జవాబు చెప్పడం అయ్యాక తప్పులు చెప్పడం నా వంతు. నేనేం చెప్పేదాన్నంటే, "మస్తు చెప్పినవక్కా." ప్రతిసారీ అదే.

"మస్తు అంటే?"

"మంచిగ చెప్పినవని."

"ప్రయాణికులు దిగేటప్పుడు కార్డు మీద నవ్వు బొమ్మకి టిక్కు పెట్టి పోతారే, అట్లా ఉంది నీ ఫీడ్‌బ్యాక్" అని విసుక్కుంది ఒకరోజు. అప్పుడు చెప్పింది క్రాస్ చెక్ సంగతి. విమానం కదిలే ముందు వాళ్ళు తమ తలుపు సరిగ్గా బిగించారో లేదో చూసుకుంటారు. అంతటితో అయిపోదు. ఎదుటి వైపు తలుపు దగ్గరికి వెళ్ళి అవతలి మనిషి తలుపు వీళ్ళు చూస్తారు, వీళ్ళ తలుపు ఆ మనిషి చూస్తుంది. నిన్నగాక మొన్న చేరిన పిల్లయినా సరే, సీనియర్ తలుపు తప్పుగా ఉంటే తప్పుగా ఉందని చెప్పి తీరాలి. "అక్కడ అక్కా లేదు, మేడమూ లేదు. మొహమాటపడి బాగుందంటే అందరం పోతాం. నీ తలుపు నేను రోజూ చూస్తున్నాను. నా తలుపు ఎవరు చూస్తారు?" అంది.

ఆఁ అని తల ఊపాను. ఊపి మళ్ళీ మస్తు అనే అన్నాను. పెద్దదాన్ని, అంత చదివినదాన్ని, అంత తిరిగినదాన్ని పట్టుకుని నీ చేత కావట్లేదని ఏ నోటితో అనను? పైగా ఏదో సరిగ్గా లేదని అనిపిస్తోందే తప్ప అదేమిటో నాకూ తెలియదు. లెక్కలు నాకంటే బాగా వేస్తుంది, ప్రశ్నలు నాకంటే బాగా అడుగుతుంది. చివరికి వచ్చేసరికి మాత్రం ఆమె జవాబు మెత్తబడిపోయేది.

అదేమిటో మా బాపు పుణ్యమా అని తెలిసింది. ఒక ఆదివారం అక్కను ఇంటికి పిలిచాను. అమ్మ జొన్నరొట్టెలు, పుంటికూర చేసింది. అక్క కూర్చుంటేగా. లేచి అందరికీ నీళ్ళు పోసింది, రొట్టె అయిపోయినవాళ్ళ పళ్ళెం వాళ్ళకంటే ముందు చూసింది, "ఇంకొకటి తీసుకోండి" అని మా ఇంట్లో మా బాపుకే మర్యాద చేసింది. "చుట్టానివి, జర కూసో బిడ్డా" అని అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాల్సొచ్చింది.

బాపు మాత్రం ఇంటర్వ్యూ సంగతి తేల్చుకోవాలని పట్టుపట్టాడు. "ఇంతకు గీ పరీక్ష ఏంది మేడం?"

"ఒక దుకాణం ఎందుకు నడవట్లేదో చెప్పాలండీ."

"ఎవరి దుకాణం?"

"ఎవరిదీ కాదండీ. ఊహించుకోవాలి."

బాపు కాసేపు రొట్టె నమిలాడు. "లేని దుకాణానికి ఉత్త లెక్కలు చెప్తే ఉన్న కొలువు ఇస్తరా?"

"అవునండి."

"గిదేదో మంచిగనే ఉన్నది. మా జమానల ఎవలు అడగలే" అన్నాడు.

తర్వాత విమానాల మీదికి పోయాడు. మా చేను మీదుగా రోజూ దిగే విమానాలు చూసీ చూసీ బాపుకు సొంత శాస్త్రం ఒకటి తయారైంది. "కిందికి దిగేటప్పుడు ఇంజన్ బంద్ జేస్తరు గదా మేడం, పెట్రోల్ మిగులుతదని?" అన్నాడు. అక్క చక్కగా నవ్వి, "అవునండి, మీరన్నది నిజమే" అంది. బాపు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆమెను హైవే దాకా దింపడానికి వెళ్తూ అడిగాను. "నిజంగ బంద్ జేస్తరా అక్కా?"

"ఛ, ఎక్కడైనా చేస్తారా."

"మరి బాపుకు అవునన్నవ్?"

"పెద్దాయన కదమ్మా. తప్పండీ అంటే ఆయనకి బాధ, మనకేమన్నా వస్తుందా?"

ఆటో వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. నేను మాత్రం రోడ్డు మీదే నిలబడిపోయాను. ఆమె జవాబు ఎందుకు మెత్తబడుతోందో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు బెంచీ మీద ఆమెకు కేసు నేను చెప్పాను. నాకు తెలిసిన సరుకే తీసుకున్నాను, మామిడి. ఎగుమతి చేసే కంపెనీకి నష్టం వస్తోంది, ఎందుకు? అక్క చక్కగా అడిగింది, చక్కగా విడగొట్టింది. ధర బాగానే ఉంది, గిరాకీ ఉంది, పళ్ళు దారిలో పాడవుతున్నాయి, చల్లటి గిడ్డంగి దగ్గరే తేడా ఉందని తేల్చింది. నూటికి నూరుపాళ్ళు అదే. నేను ఇంటర్వ్యూ చేసేవాళ్ళ లాగా ముఖం పెట్టి, "నాకట్ల అనిపిస్తలేదు. ధర ఎక్కువున్నది, అదే కారణం" అన్నాను.

అక్క ముఖంలోకి నవ్వు వచ్చేసింది. బాపుకు చూపించిన నవ్వు. "మీరన్నది నిజమేనండి, ధర కూడా ఒకసారి చూద్దాం" అంది.

"అక్కా, నువ్వు చెప్పిందే కరెక్టు. నేను కావాలని తప్పు చెప్పిన. ఎందుకు ఒప్పుకున్నవ్?"

"ఒప్పుకోలేదమ్మా, వాళ్ళ మాట కూడా..."

"ఒప్పుకున్నవ్. రోజూ గిట్లనే ఒప్పుకుంటున్నవ్. జర గట్టిగ అడిగితే చాలు, ఉన్న జవాబు ఇడిసిపెట్టి నవ్వుతవ్. నువ్వు జవాబు చెప్తలేవక్కా, టీ పోస్తున్నవ్. ఎదురుంగున్నోడు పరేషాన్ కావద్దని చూస్తున్నవ్ గంతే. గట్ల జేస్తే నిన్ను తీసుకోరు."

నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. అక్క పుస్తకం సంచిలో పెట్టుకుంది. జిప్పు వేసింది, నొక్కి చూసింది. లేచి నిలబడి, విమానం దిగేవాళ్ళకు తలుపు దగ్గర చెప్పే గొంతుతో, "థాంక్యూ ఫర్ యువర్ ఫీడ్‌బ్యాక్" అని వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే చూసింది, జవాబు లేదు. బెంచీ దగ్గరికి వెళ్ళి ఒక్కదాన్నే కూర్చుని వచ్చాను. ఆమె ఇంటర్వ్యూ శుక్రవారం. అంత దగ్గర పెట్టుకుని ఆమె ధైర్యం మీద దెబ్బ కొట్టానే అని ఒక పక్క. చెప్పకపోతే ఆ నవ్వు నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళేది కదా అని ఇంకో పక్క. రెండూ నిజమే కావడంతో ఎటు తిరిగి పడుకున్నా నిద్ర రాలేదు.

"మీ విమానం అక్క వస్తలేదేంది?" అని అమ్మ అడిగింది.

"ఉన్న మాట అన్ననమ్మా."

"ఏమన్నవ్?"

చెప్పాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతూ, "ఒక్కతే ఉంటది గదనే ఆ పిల్ల. జర ఆగి చెప్తే ఏమాయె" అంది. ఆగితే శుక్రవారం వచ్చేస్తుంది, అమ్మకు అది ఎలా చెప్పను.

శుక్రవారం ఆఫీసులో నా చేతులు పనిలో ఉన్నాయి గానీ మనసు లేదు. ఇప్పుడు లోపలికి వెళ్ళి ఉంటుంది, ఇప్పుడు బయటికి వచ్చి ఉంటుంది అని గడియారం చూస్తూ గడిపాను. సాయంత్రం ఫోన్ రాలేదు. శనివారం రాలేదు, ఆదివారం రాలేదు. అయిపోయింది అనుకున్నాను. కౌంటర్లో బ్యాగులు తూస్తుంటే ఏ ముఖంతో ఎదురుపడాలి అని కూడా అనుకున్నాను. రోజూ ఆ దారినే కదా పోవాలి.

సోమవారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. "సాయంత్రం మామూలు చోటికి రా." అంతే, ఇంకేం లేదు.

వెళ్ళేసరికి అక్క బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది. కళ్ళ చివర్లు ఒత్తుకునే ఏడుపు కాదు, ముక్కు కారుతూ, భుజాలు కదిలిపోతూ, చిన్నపిల్ల ఏడుపు. ఆ ముడి కూడా ఒక పక్కకు జారిపోయి ఉంది. ఆమెను అలా నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూలబడి చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, నేను గట్ల అనొద్దుండె. మనసుల పెట్టుకోకు."

తల అడ్డంగా ఊపింది.

"నాకు చాలా కోపం వచ్చిందమ్మా నీ మీద. రెండు రోజులు తిట్టుకున్నాను. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నాకు చెప్పొచ్చిందీ అని. మూడో రోజు అద్దం ముందు కూర్చుని కాదండీ అనడం ప్రాక్టీసు చేశాను. నమ్ము, నోరు తిరగలేదు. కాదండీ అనబోతే నవ్వొచ్చేస్తోంది. చివరికి చెంపలు పట్టుకుని అన్నాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటర్వ్యూలో ఆయన విమానాలు ఆలస్యంగా బయలుదేరే కేసు ఇచ్చాడట. ఆమెకు కొట్టిన పిండి. సామాను ఎక్కించడం దగ్గర, శుభ్రం చేయడం దగ్గర పని ఒకదాని కోసం ఒకటి ఆగుతోందని తేల్చింది. ఆయన అంతా విని, "కాదు, ప్రయాణికులు నెమ్మదిగా ఎక్కడం వల్లే" అన్నాడట. "మీరన్నది నిజమేనండీ అని నాలుక చివరిదాకా వచ్చిందమ్మా. మింగేశాను. కాదండీ అన్నాను. ఆయన మళ్ళీ అదే అన్నాడు. మళ్ళీ కాదండీ అన్నాను, ఎందుకు కాదో లెక్కతో సహా చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. సరే, పోయింది అనుకుని ఇంటికొచ్చేశాను. అందుకే నీకు ఫోన్ చేయలేదు. నువ్వు చెప్పినట్టు చేసి పోగొట్టుకున్నానని నీకు తెలిస్తే నువ్వు తట్టుకోలేవు."

"ఇప్పుడేమైందక్కా?"

"ఇందాక వాళ్ళు ఫోన్ చేశారు."

"ఏమన్నరు?"

"తీసుకున్నారమ్మా" అని మళ్ళీ ఏడుపు అందుకుంది.

ప్రాణం లేచొచ్చింది. అన్ని రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోతే మనిషికి ఇంత తేలికగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తేలికలో నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం ఒకరి భుజం ఒకరం తడుపుకుంటూ కూర్చున్నాం. అక్కడ ఎవరూ వింతగా చూడలేదు, అది రోజూ ఎవరో ఒకరు ఏడ్చే చోటే.

ఒక్క ముసలమ్మ మాత్రం ఊరుకోలేకపోయింది. దుబాయ్ నుంచి మనవడు వస్తాడని జగిత్యాల దిక్కు నుంచి వచ్చిందట, పొద్దటినుంచి అక్కడే ఉందట. మా దగ్గరికి జరిగి అక్క వీపు మీద చెయ్యి వేసింది. "ఏమైంది బిడ్డా? మీవోళ్ళు ఎవలన్న రాలేదా?"

అక్క లేచి, మోకాళ్ళు మడిచి, ఆమె కళ్ళ ఎత్తుకు దిగింది. "కాదమ్మా. నాకు ఉద్యోగం వచ్చింది."

"సర్కారుదా?"

అవునమ్మా అంటే ముసలమ్మ సంతోషిస్తుంది. అక్క ముఖంలో ఆ మాట వచ్చి నిలబడటం నాకు కనిపించింది.

"కాదమ్మా. ప్రైవేటు" అంది.

ముసలమ్మ ముఖం చిన్నబోయింది. అక్క తల నిమిరి, "గందుకా ఏడుస్తున్నవ్. పోనీ తియ్యి బిడ్డా, ఫికర్ జెయ్యకు. సర్కారుది గూడ వస్తది" అంది.

"రాదమ్మా" అంది అక్క. కళ్ళు తుడుచుకుంటూ, పగలబడి నవ్వుతూ, మళ్ళీ అంది. "రాదు. నాకు వయసు దాటిపోయింది."